ఫ్లోరెన్స్ సాబిన్

ఫ్లోరెన్స్ రెనా సాబిన్ (నవంబర్ 9, 1871 – అక్టోబర్ 3, 1953) ప్రముఖ అమెరికన్ వైద్యురాలు, శరీర నిర్మాణ శాస్త్రవేత్త, పిండోత్పత్తి శాస్త్ర పరిశోధకురాలు. పిండంలో శోషరస నాళాలు, రక్తనాళాలు, రక్తకణాలు ఎక్కడి నుండి, ఏ విధంగా పుడతాయన్నది ఈమె పరిశోధనలకు కేంద్రం. కోడిగుడ్డు లోని పిండాన్ని ప్రాణంతో ఉండగానే సూక్ష్మదర్శిని కింద ఉంచి, అందులో రక్తనాళాలు ఏర్పడే క్రమాన్ని ఈమె గంటల తరబడి ప్రత్యక్షంగా గమనించి నమోదు చేసింది. రక్తనాళాల పుట్టుకను నడిపించే పెరుగుదల కారకాలను గూర్చి ఆ తరువాత ఏడు దశాబ్దాలకు వెలువడిన పరిశోధనలకు ఈ పరిశీలనలు పూర్వరంగంగా నిలిచాయి.

జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో పూర్తిస్థాయి ఆచార్య పదవిని పొందిన తొలి మహిళ, అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ, రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధనా సంస్థలో పూర్తిస్థాయి సభ్యత్వం పొందిన తొలి మహిళ ఈమెయే. పదవీ విరమణ అనంతరం కొలరాడో రాష్ట్ర ప్రజారోగ్య చట్టాల సంస్కరణకు పూనుకొని రెండవ జీవితం గడిపినంత పని చేసింది.

పోలియో చుక్కల మందును రూపొందించిన ఆల్బర్ట్ సాబిన్‌తో ఈమెకు బంధుత్వం లేదు. ఇరువురూ 1930లలో కొంతకాలం ఒకే రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేయడం వలన, పైగా ఈమెను బాల్యంలో కొన్నాళ్ళు పెంచిన తండ్రి సోదరుని పేరు కూడా ఆల్బర్ట్ సాబిన్ కావడం వలన పాఠకులు పొరబడే అవకాశం ఉన్నది.

బాల్యం

ఫ్లోరెన్స్ కొలరాడోలోని సెంట్రల్ సిటీ అనే గనుల పట్టణంలో జన్మించింది. తండ్రి జార్జ్ సాబిన్ గనుల ఇంజనీరు. యౌవనంలో వైద్యుడు కావాలనుకొని ఆ చదువును మధ్యలోనే విడిచినవాడు. తల్లి సెరీనా మైనర్ ఉపాధ్యాయినిగా పనిచేసింది. 1878లో, సరిగ్గా ఫ్లోరెన్స్ ఏడవ పుట్టినరోజున, ప్రసవానంతరం సోకిన సూతికా జ్వరంతో తల్లి మరణించింది. గనుల పనిలో తలమునకలైన తండ్రి ఫ్లోరెన్స్‌ను, అక్క మేరీని డెన్వర్‌లోని ఉల్ఫ్ హాల్ అనే వసతి పాఠశాలలో చేర్చాడు. అటు పిమ్మట ఆ పిల్లలు షికాగోలో తండ్రి సోదరుని ఇంట, తరువాత వెర్మాంట్ రాష్ట్రంలో తాతగారి ఇంట పెరిగారు. అక్కచెల్లెళ్ళ అనుబంధం జీవితాంతం చెక్కుచెదరలేదు. ఇరువురూ అవివాహితలుగానే ఉండిపోయారు.

బాలికగా ఉన్నప్పుడు ఫ్లోరెన్స్‌కు పియానో విద్వాంసురాలు కావాలని ఆశ ఉండేది. ఆమె వాయిద్యం అంతంత మాత్రమేనని సహాధ్యాయిని ఒకతె మొహం మీదే చెప్పడంతో ఆ ఆశను వదులుకొని గణితం, విజ్ఞాన శాస్త్రాల వైపు మళ్ళిందని జీవిత చరిత్రకారులు రాశారు.

విద్యాభ్యాసం

1889లో వెర్మాంట్ అకాడమీలో చదువు ముగించి, మసాచుసెట్స్ లోని స్మిత్ కళాశాలలో చేరి 1893లో పట్టభద్రురాలైంది. స్మిత్‌లోని మహిళా వైద్యురాలి ప్రోత్సాహంతో వైద్యవిద్య అభ్యసించాలని నిశ్చయించుకున్నది. అదే సంవత్సరం బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఆ కళాశాల స్త్రీలకు తలుపులు తెరవడం వెనుక ఒక కథ ఉన్నది. కళాశాల స్థాపనకు తగినంత ధనం లేక నిర్వాహకులు ఇబ్బంది పడుతున్న తరుణంలో మేరీ ఎలిజబెత్ గారెట్ తదితర మహిళలు నిధులు సమకూర్చి, పురుషులతో సమానమైన షరతులపై స్త్రీలకు ప్రవేశం కల్పించాలని నియమం పెట్టారు. ఆ నియమమే లేకపోతే సాబిన్ చరిత్ర మరోవిధంగా ఉండేది.

అయితే చదువుకు డబ్బు లేదు. మూడేళ్ళు ఉపాధ్యాయ వృత్తి చేసి (రెండేళ్ళు డెన్వర్‌లో తాను చదివిన పాఠశాలలోనే గణితం, ఒక ఏడాది స్మిత్ కళాశాలలో జంతుశాస్త్రం) కూడబెట్టిన సొమ్ముతో 1896లో హాప్కిన్స్‌లో చేరింది. 1900లో వైద్య పట్టా పుచ్చుకొని, ప్రఖ్యాత వైద్యుడు విలియం ఆస్లర్ వద్ద ఒక ఏడాది శిక్షణ పొందింది. ఆమెతో పాటు అదే తరగతి నుండి ఆస్లర్ వద్ద శిక్షణకు ఎంపికైన మరో మహిళ డొరొతీ రీడ్. హాడ్జ్‌కిన్ వ్యాధిని గుర్తించడానికి తోడ్పడే కణాలకు ఈనాటికీ ఆ రీడ్ పేరే ఉన్నది. హాప్కిన్స్‌లో స్త్రీకి పదోన్నతి లభించే ఆశ లేదని గ్రహించి రీడ్ ఆ సంస్థను వదిలి వెళ్ళింది. సాబిన్ ఉండిపోయింది.

విద్యార్థినిగా ఉన్నప్పుడే శరీర నిర్మాణ శాస్త్ర విభాగాధిపతి ఫ్రాంక్లిన్ మాల్ దృష్టి ఆమెపై పడింది. ఆయన సూచన మేరకు నవజాత శిశువు మెదడు కాండాన్ని పలుచని పొరలుగా కోసి, ఆ పొరల ఆధారంగా మొత్తం భాగానికి త్రిమితీయ నమూనాను నిర్మించింది. దాని ఆధారంగా 1901లో వెలువడిన మజ్జాముఖం, మధ్యమెదడుల అట్లాసు వైద్య విద్యార్థులకు పాఠ్యగ్రంథంగా ఉపయోగపడింది. బాల్టిమోర్ మహిళల సంఘం ఒకటి ఆమెకు పరిశోధనా వేతనం ఏర్పాటు చేసింది. 1902లో హాప్కిన్స్ వైద్య బోధకులలో తొలి మహిళగా చేరింది. 1905లో సహ ఆచార్యురాలైంది.

శోషరస నాళాల వివాదం

శరీరంలో రక్తనాళాలతో పాటు శోషరస నాళాల వ్యవస్థ కూడా ఉంటుంది. కణజాలాలలో మిగిలిపోయిన ద్రవాన్ని సేకరించి తిరిగి రక్తంలోనికి చేర్చడం దీని పని. ఈ నాళాలు పిండంలో ఎలా పుడతాయన్నది ఆ రోజుల్లో పెద్ద చర్చ. కణజాలం నడుమ గల ఖాళీలే ఒకదానితో ఒకటి కలిసి నాళాలై, చివరకు సిరలను చేరుకుంటాయని ఎక్కువమంది నమ్మేవారు. అంటే పెరుగుదల వెలుపలి నుండి లోపలికి సాగుతుందని వారి వాదన.

సాబిన్ పంది పిండాలలోకి సన్నని సూదితో రంగు ద్రవాన్ని ఎక్కించి, నాళాల దారిని దశల వారీగా గుర్తించింది. మొదట మెడ భాగంలోని సిరల గోడల నుండి చిన్న సంచుల వంటి మొగ్గలు వెలువడతాయని, వాటి నుండి నాళాలు కొమ్మలు వేస్తూ చర్మం వైపు, అవయవాల వైపు విస్తరిస్తాయని 1902లో ప్రకటించింది. శోషరస నాళాలు సిరల సంతానమని, వాటి చివరలు కణజాలంలోకి తెరుచుకోక మూసుకొనే ఉంటాయని దీని సారాంశం. ఈ పరిశోధనకు 1903లో మహిళా శాస్త్రజ్ఞులకు ఉద్దేశించిన వెయ్యి డాలర్ల బహుమతి లభించింది. జార్జ్ హంటింగ్టన్, చార్లెస్ మెక్‌క్లూర్ వంటి పేరుపొందిన శాస్త్రజ్ఞులు మాత్రం దీనిని అంగీకరించలేదు. ఆమె తీసుకున్న పిండాలు వయసు మీరినవని, అంతకు ముందు దశలో జరిగినది ఆమె చూడలేదని వారి ఆక్షేపణ. వాదోపవాదాలు ఏళ్ళ తరబడి సాగాయి.

ఆ ఆక్షేపణలో కొంత న్యాయం ఉన్నది. రంగు ఎక్కించాలంటే నాళానికి అప్పటికే రంధ్రం ఏర్పడి ఉండాలి. రంధ్రం ఏర్పడక ముందు ఆ చోట ఏమున్నదో ఆ పద్ధతిలో తెలియదు. చచ్చిన కణజాలపు ముక్కలను వరుసగా పేర్చి చూసినా, ఒక దశకూ మరో దశకూ నడుమ జరిగినదాన్ని ఊహించుకోవలసిందే తప్ప చూడలేము. ఈ లోపాన్ని దాటడానికే సాబిన్ బ్రతికి ఉన్న పిండాల వైపు, అందునా కోడిగుడ్డు వైపు మళ్ళింది.

కోడిపిండంలో రక్తనాళాల పుట్టుక

క్షీరదాల పిండం తల్లి గర్భంలో దాగి ఉంటుంది. కోడిపిండమైతే పెంకు కింద, పచ్చసొన మీద పలుచని గుండ్రని బిళ్ళ రూపంలో కంటికి కనబడుతుంది. అరిస్టాటిల్ కాలం నుండి, 17వ శతాబ్దంలో విలియం హార్వే, మార్సెల్లో మాల్పీజీల వరకు పిండ వికాసం గూర్చి ఆలోచించిన వారందరూ గుడ్లు పగులగొట్టి చూసినవారే. పొదగడం మొదలైన రెండవ రోజున పిండం గుండె కొట్టుకోవడం ప్రారంభిస్తుంది. పిల్ల బయటికి రావడానికి పట్టే 21 రోజులలో రక్తప్రసరణ వ్యవస్థకు పునాది పడేది ఆ తొలి రెండు రోజులలోనే.

జాన్స్ హాప్కిన్స్ లోనే రాస్ హారిసన్ 1907లో వేలాడే చుక్క పద్ధతి ద్వారా కప్ప పిండపు నాడీకణాలు తంతువులు చాచడాన్ని ప్రత్యక్షంగా చూపాడు. సాబిన్ ఇదే మార్గాన్ని కోడిపిండానికి అనువుగా మలచుకున్నది. రెండవ రోజు పిండపు బిళ్ళను పచ్చసొన నుండి జాగ్రత్తగా వేరుచేసి, పలుచని గాజు బిళ్ళ మీది లవణ ద్రావణపు చుక్కలో పరచి, ఆ గాజును తలక్రిందులు చేసి గుంట గల పలక మీద అమర్చి, సూక్ష్మదర్శిని చుట్టూ కోడిపెట్ట ఒంటి వెచ్చదనానికి సరిపడే వేడిని నిలిపి ఉంచాలి. వేడి తగ్గినా, చుక్క ఆరినా పిండం చనిపోతుంది. ఆ పనికి నేర్పు కంటే ఓర్పు ఎక్కువ కావాలి.

ఆమె చూసిన క్రమం ఇది. పిండపు మధ్యత్వచంలోని కణాలలో కొన్ని తోటి కణాల నుండి వేరుపడి, రేణువులతో నిండి, గుంపులు కట్టడం మొదలుపెడతాయి. వీటికి స్విస్ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ హిస్ యాంజియోబ్లాస్టులు అని పేరు పెట్టి ఉన్నాడు. నాళాలను నిర్మించే కణాలని అర్థం. ఈ గుంపులు సన్నని పోగులను చాచి పక్క గుంపులతో కలుస్తాయి. ఆ విధంగా రంధ్రం లేని, గట్టి కణాల వల ఒకటి తయారవుతుంది. తరువాత కణాల లోపల ద్రవంతో నిండిన బుడగలు ఏర్పడి, ఒకదానితో ఒకటి కలిసి, గట్టి పోగు బోలు నాళంగా మారుతుంది. ఆ ద్రవమే తొలి ప్లాస్మా అని ఆమె భావించింది. నాళపు లోపలి గోడ నుండి కొన్ని కణాలు ఉబ్బి, లోనికి పొడుచుకు వచ్చి, ఎర్రదనం సంతరించుకొని తొలి ఎర్ర రక్తకణాలవుతాయి. కొంతసేపటికి గుండె తొలిసారి కదులుతుంది. అంతవరకు నిశ్చలంగా ఉన్న కణాలు నాళాలలో కదలడం ఆరంభిస్తాయి.

ఇదంతా ఒకే పిండంలో చూడడానికి ఆమె ఒక రాత్రంతా సూక్ష్మదర్శిని వద్ద కూర్చున్నదని, ఆ రాత్రిని తన జీవితంలోకెల్లా ఉత్తేజకరమైన అనుభవంగా తలచుకునేదని ఆమెను ఎరిగినవారు రాశారు. ఈ పరిశీలనలు 1917, 1920 సంవత్సరాలలో కార్నెగీ సంస్థ పిండోత్పత్తి శాస్త్ర సంపుటాలలో అచ్చయ్యాయి. నాళాల గోడలు, వాటిలోని రక్తకణాలు దగ్గరి బంధువులనే భావనకు ఈ వ్యాసాలు బలం చేకూర్చాయి.

1917లో జరిగిన అన్యాయం

కోడిపిండం పై తొలి వ్యాసం వెలువడిన 1917వ సంవత్సరమే మాల్ మరణించాడు. పదిహేనేళ్ళ బోధనానుభవం, దేశ విదేశాలలో గుర్తింపు గల సాబిన్‌కే విభాగాధిపత్యం దక్కుతుందని చాలామంది ఎదురుచూశారు. ఒకప్పుడు ఆమె వద్దనే చదువుకున్న లూయిస్ వీడ్‌కు ఆ పదవి లభించింది. విద్యార్థులు నిరసన తెలిపారు. సాబిన్‌కు కణజాల శాస్త్ర ఆచార్య పదవి ఇచ్చారు. ఆ కళాశాలలో పూర్తిస్థాయి ఆచార్యురాలైన తొలి మహిళ అన్న గౌరవం ఆమెకు ఈ సందర్భంలోనే దక్కింది. కనుక ఆ గౌరవాన్ని చెప్పుకునేటప్పుడు దాని వెనుక ఉన్న నిరాకరణను కూడా చెప్పుకోవలసి ఉంటుంది. రాజీనామా చేయమని సలహా ఇచ్చినవారికి ఆమె చెప్పిన కారణం ఒక్కటే: పరిశోధన సగంలో ఉన్నది. మరో ఎనిమిదేళ్ళు అక్కడే పనిచేసింది.

ఇదే కాలంలో ఆమె బాల్టిమోర్‌లో స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో కూడా పాలుపంచుకున్నది. 1924లో అమెరికా శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది. 1925లో జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైంది.

రాక్‌ఫెల్లర్ సంస్థలో

1925లో సైమన్ ఫ్లెక్స్‌నర్ ఆహ్వానంపై న్యూయార్క్ లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో చేరి, కణ అధ్యయన విభాగాన్ని నడిపింది. ఇక్కడ ఆమె ప్రధాన విషయం క్షయ వ్యాధి. క్షయ క్రిమి నుండి వేరుచేసిన కొవ్వు పదార్థాలు, ఇతర అంశాలు శరీరంలోని తెల్ల రక్తకణాలపై ఏ ప్రభావం చూపుతాయో పరిశోధించింది. జీవించి ఉన్న కణాలకు హాని కలుగకుండా రంగు పట్టించే పద్ధతిలో తెల్లకణాల రకాలను వేరుచేసి చూపింది.

రక్తంలోని మోనోసైట్లు, కణజాలంలోని భక్షక కణాలు వేర్వేరు వంశాలకు చెందినవని ఈ పద్ధతి ఆధారంగా ఆమె, ఆమె సహచరులు వాదించారు. కణజాలంలోని భక్షక కణాలన్నీ మోనోసైట్ల నుండే వస్తాయన్న సిద్ధాంతం 1970ల నాటికి స్థిరపడి ఈ వాదం వెనుకబడింది. 2010 ప్రాంతంలో ఎలుకలపై జరిగిన పరిశోధనలలో మెదడులోని భక్షక కణాలు పిండదశలోనే పచ్చసొన సంచి వద్ద పుడతాయని తేలడంతో విషయం మళ్ళీ మలుపు తిరిగింది.

1934లో తన గురువు జీవిత చరిత్రను ఫ్రాంక్లిన్ పెయిన్ మాల్: ది స్టోరీ ఆఫ్ ఎ మైండ్ అనే పేరుతో ప్రచురించింది. 1938లో పదవీ విరమణ చేసి, డెన్వర్‌లో అక్క మేరీ వద్దకు చేరుకున్నది.

కొలరాడో ప్రజారోగ్యం

1944లో యుద్ధానంతర పునర్నిర్మాణ సంఘంలో ఆరోగ్య ఉపసంఘానికి అధ్యక్షత వహించమని కొలరాడో గవర్నర్ జాన్ వివియన్ ఆమెను కోరాడు. డెబ్భై మూడేళ్ళ వృద్ధురాలు పేరుకు అధ్యక్షురాలిగా ఉండి ఎవరికీ ఇబ్బంది కలిగించదని ఆయన అనుచరులు తలచినట్లు చెబుతారు. ఆరోగ్యధామమని పేరుపడిన ఆ రాష్ట్రంలో శిశు మరణాలు, క్షయ, అంటువ్యాధులు ఏ స్థాయిలో ఉన్నాయో ఆమె లెక్కలు తీయించింది. చలికాలపు మంచులో సైతం ఊరూరా తిరిగి సభలలో ఆ లెక్కలను ప్రజల ముందుంచింది. మురుగునీటి పారుదల, పాల శుద్ధి, స్థానిక ఆరోగ్య శాఖల ఏర్పాటు ఆమె ప్రసంగాలలో ముఖ్యాంశాలు. 1947లో సాబిన్ ఆరోగ్య చట్టాలుగా పేరుపొందిన బిల్లులలో అధికభాగం ఆమోదం పొందాయి. పశువుల నుండి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ నివారణకు ఉద్దేశించిన బిల్లుకు మాత్రం పశువుల యజమానుల ప్రతిఘటన ఎదురైంది.

తరువాత డెన్వర్ నగర ఆరోగ్య శాఖ బాధ్యతలు చేపట్టి, పౌరులకు పెద్దయెత్తున ఎక్స్‌రే పరీక్షలు జరిపించింది. కొద్ది సంవత్సరాలలోనే నగరంలో క్షయ రోగుల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. ఆ ఉద్యోగపు జీతాన్ని ఆమె వైద్య పరిశోధనకే విరాళంగా ఇచ్చింది. ఈ సేవకు గాను 1951లో లాస్కర్ పురస్కారం లభించింది.

మరణం

అనారోగ్యంతో ఉన్న అక్క సేవలో చివరి సంవత్సరాలు గడిచాయి. 1953 అక్టోబర్ 3న టెలివిజన్‌లో బేస్‌బాల్ పోటీ చూస్తున్న రోజున గుండెపోటుతో డెన్వర్‌లో మరణించింది. 1959లో కొలరాడో రాష్ట్రం తరపున ఆమె కాంస్య విగ్రహాన్ని వాషింగ్టన్ లోని కాపిటల్ భవనంలో నెలకొల్పారు. శిల్పి జాయ్ బూబా ఆమెను సూక్ష్మదర్శిని పక్కన కూర్చున్న భంగిమలో మలిచింది.

పెరుగుదల కారకాలు - తదనంతర పరిశోధనలు

సాబిన్ పరిశీలనలు ఒక ప్రశ్నను మిగిల్చాయి. మధ్యత్వచంలో ఒకే తీరుగా కనిపించే కణాలలో కొన్ని మాత్రమే నాళాలుగా ఎందుకు మారతాయి? వాటిని ఫలానా చోటికి వెళ్ళమని, ఫలానా చోట ఆగమని చెప్పేది ఏది? సూక్ష్మదర్శినిలో కణాల కదలిక కనబడుతుంది కాని, వాటి మధ్య నడిచే రసాయన సంకేతాలు కనబడవు. ఆ సంకేతాలే పెరుగుదల కారకాలు. ఒక కణం స్రవించే ప్రోటీన్ మరో కణం ఉపరితలం మీది గ్రాహకానికి తాళంలో తాళంచెవి వలె అమరి, ఆ కణాన్ని విభజన చెందమనో, కదలమనో, రూపు మార్చుకోమనో పురికొల్పుతుంది.

ఈ పరిశోధనలకు కూడా పక్షి పిండాలే క్షేత్రమయ్యాయి. 1969లో ఫ్రెంచి శాస్త్రవేత్త నికోల్ ల దువరెన్ కౌజు పిట్ట కణాల కేంద్రకాలు కోడి కణాల కేంద్రకాల కంటే భిన్నంగా రంగు పట్టడాన్ని ఆధారం చేసుకొని, కౌజు పిండపు ముక్కను కోడిపిండంలో నాటి ఏ కణం ఎక్కడికి పోతుందో గుర్తించే పద్ధతిని ప్రవేశపెట్టింది. 1980లలో కౌజు రక్తనాళ, రక్తకణాలకు మాత్రమే అంటుకునే క్యూహెచ్1 అనే ప్రతిరక్షకం అందుబాటులోకి వచ్చింది. నాళాలను నిర్మించే కణాలు పుట్టినచోటనే ఉండిపోక పిండంలో చాలా దూరం వలస పోగలవని ఈ రెండింటి సాయంతో స్పష్టమైంది.

1992లో ఇంగో ఫ్లామ్, వెర్నర్ రీసౌ కౌజు పిండపు బిళ్ళ నుండి ఇంకా ఏ రూపూ దాల్చని కణాలను వేరుచేసి పెంచారు. వాటికి ఫైబ్రోబ్లాస్ట్ పెరుగుదల కారకం అనే ప్రోటీన్ అందించినప్పుడు అవి రక్తకణాలుగాను, నాళపు గోడ కణాలుగాను మారాయి. రెండు రకాల కణాలు జంటగా పుడతాయన్న సాబిన్ పరిశీలన ఈ విధంగా గాజుపాత్రలో మరొకసారి రుజువైంది. కణాలు అక్కడికక్కడే గుంపు కట్టి నాళాలు కావడాన్ని వాస్క్యులోజెనెసిస్ అని, ఉన్న నాళం నుండి కొమ్మలు చిగురించడాన్ని యాంజియోజెనెసిస్ అని నేడు వేరుచేసి చెబుతారు. సాబిన్ కోడిపిండంలో చూసినది ప్రధానంగా మొదటిది. పంది పిండపు శోషరస నాళాలలో చూసినది రెండవ దానిని పోలినది.

తరువాతి దశకు కీలకమైనది వాస్క్యులర్ ఎండోథీలియల్ గ్రోత్ ఫ్యాక్టర్ (సంక్షిప్తంగా వీఈజీఎఫ్). నెపోలియోన్ ఫెరారా బృందం దీనిని 1989లో శుద్ధిచేసి ఆ పేరు పెట్టింది. నాళాలను నిర్మించబోయే కణాలు దీని గ్రాహకాన్ని ధరించి ఉంటాయని కౌజు పిండాలలో 1993లో గుర్తించారు. ఆన్ ఐష్‌మన్ తదితరులు 1997లో కోడిపిండం నుండి ఈ గ్రాహకం గల కణాలను ఏరి విడివిడిగా పెంచగా, వీఈజీఎఫ్ అందినవి నాళపు గోడ కణాలు అయ్యాయి, అందనివి రక్తకణాల వైపు మళ్ళాయి.

మోతాదు కూడా ముఖ్యమే. 1995లో క్రిస్టఫర్ డ్రేక్, చార్లెస్ లిటిల్ కౌజు పిండాలలోకి అదనపు వీఈజీఎఫ్ ఎక్కించినప్పుడు సన్నని నాళాల వలకు బదులు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన పెద్ద గుంటలు ఏర్పడ్డాయి, నాళాలు ఉండరాని చోట్ల కూడా పుట్టుకొచ్చాయి. ఎలుకలలోనైతే ఈ కారకపు రెండు జన్యువులలో ఒకటి లోపించినా పిండం బ్రతకదని 1996లో తేలింది. ఎరువు ఎక్కువైనా తక్కువైనా పాదు చెడినట్లే ఇది.

ప్రేరేపించే సంకేతాలతో పాటు వారించే సంకేతాలు కూడా ఉన్నాయి. పిండపు నడిమి రేఖ పొడవునా నాళాలు లేని సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. ఆ రేఖలోని నోటోకార్డ్ అనే కడ్డీ వంటి నిర్మాణం నాగిన్, కార్డిన్ వంటి ప్రోటీన్లను స్రవించి నాళకణాలను దరిచేరనీయదని పక్షి పిండాలపై 2004లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. కుడి, ఎడమ నాళాలు తొలి దశలో వేరువేరుగా ఉండడానికి ఇది తోడ్పడుతుంది. గుండె కొట్టుకోవడం మొదలైన తరువాత రక్తప్రవాహపు ఒత్తిడి కూడా ఒక శిల్పి వలె పనిచేస్తుంది. ఏ నాళం ధమని కావాలో, ఏది సిర కావాలో నిర్ణయించడంలో ప్రవాహానికి పాత్ర ఉన్నదని ఫెర్డినాండ్ ల నోబల్ తదితరులు అదే సంవత్సరం కోడిపిండపు పచ్చసొన నాళాలలో ప్రవాహాన్ని అడ్డగించి చూపారు.

నాళపు గోడ నుండే రక్తకణాలు పుడతాయన్న సాబిన్ మాటను చాలాకాలం అనుమానంతో చూసేవారు. 1998లో తియెరీ జాఫ్రెడో బృందం కోడిపిండపు మహాధమని లోపలి గోడ కణాలకు మెరిసే రంగు పట్టించి విడిచిపెట్టింది. కొంతకాలానికి అదే రంగు గల రక్తకణాలు కనిపించాయి.

శోషరస నాళాల వివాదం కూడా ఇదే తీరున సాగింది. వీఈజీఎఫ్ కుటుంబానికి చెందిన వీఈజీఎఫ్-సి అనే కారకం కోడిపిండపు బాహ్య పొరలో శోషరస నాళాలను విస్తరింపజేస్తుందని 1997లో తెలిసింది. 1999లో గిల్లెర్మో ఆలివర్ బృందం ప్రాక్స్1 జన్యువు లేని ఎలుక పిండాలలో సిర గోడల నుండి శోషరస మొగ్గల విస్తరణ నిలిచిపోతుందని చూపి, సిరలే మూలమన్న సాబిన్ సిద్ధాంతానికి బలమైన ఆధారం అందించింది. అయితే 2006లో యోర్గ్ విల్టింగ్ తదితరులు పక్షి పిండాలపై జరిపిన పరిశోధనలో లోతుగా ఉండే శోషరస సంచులు సిరల నుండి పుడుతుండగా, చర్మానికి దగ్గరగా ఉండే నాళాలలో కొంతభాగం పరిసర కణజాలం నుండి ఏర్పడుతుందని కనుగొన్నారు. హంటింగ్టన్, మెక్‌క్లూర్‌ల వాదంలో ఆ మేరకు నిజం ఉన్నది.